జర్మనీలో మరణ రికార్డు కావాలంటే

ప్రశ్న: స్వాతంత్ర్యోద్యమ కాలంలో బెర్లిన్‌లో ఉండి పనిచేసిన భారతీయుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. 1934లో అక్కడే చనిపోయిన చంపకరామన్ పిళ్లై లాంటి వాళ్ల మరణ రికార్డు కోసం ఎవరిని అడగాలి? నేను వాళ్లకి బంధువుని కాను కదా, ఇస్తారా? నాకు జర్మన్ కూడా అంతంతమాత్రమే. – పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఇస్తారు, బంధుత్వం గురించి టెన్షన్ పెట్టుకోకండి. 2009 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మరణాల రిజిస్టర్‌ని 30 ఏళ్లపాటు అక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసు, అంటే స్టాండెస్‌ఆమ్ట్, తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ లోపు అయితే భార్యాభర్తలకి, పిల్లలకి, తల్లిదండ్రులకి సులువు, మిగతావాళ్లు చట్టపరంగా అది తమకెందుకు అవసరమో చూపించాలి. గడువు దాటాక రిజిస్టర్లు ఆర్కైవ్‌కి వెళ్తాయి, అప్పుడు ఎవరైనా అడగొచ్చు. 1934 నాటి మరణానికి ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి మీరు రాయాల్సింది లాండెస్‌ఆర్కీఫ్ బెర్లిన్ అనే రాష్ట్ర ఆర్కైవ్‌కి.

అసలు కష్టమంతా చోటు పట్టుకోవడంలోనే ఉంది. మనిషి ఎక్కడ చనిపోతే అక్కడి ఆఫీసులోనే నమోదు, ఈ పద్ధతి మన దగ్గరా ఉన్నదే. కానీ బెర్లిన్‌లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఆఫీసు ఉండేది, ఇల్లు ఒకచోట, ప్రాణం పోయిన ఆస్పత్రి ఇంకోచోట అయితే ఆస్పత్రి ఉన్న ప్రాంతం రిజిస్టరే చూడాలి. ఇంటి చిరునామా ఒక్కటే పట్టుకుని వెతికి, కనపడకపోతే రికార్డే లేదనుకుని వదిలేయకండి. పాత బెర్లిన్ అడ్రస్ పుస్తకాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, మొదలుపెట్టడానికి అవి బాగా పనికొస్తాయి. మన పేర్లలో ఏది ఇంటిపేరో అక్కడి గుమాస్తాకి తెలిసే అవకాశం తక్కువ, అందుకని పిళ్లై కిందా చంపకరామన్ కిందా రెండుచోట్లా చూడండి. జర్మన్లు ‘చ’ శబ్దాన్ని టి, ఎస్, సి, హెచ్ అని నాలుగు అక్షరాలతో రాస్తారు కాబట్టి ‘టి’ పేజీలు కూడా వదలొద్దు.

మీ హైదరాబాద్‌లోనే పుట్టిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ కూడా మీ జాబితాలో ఉండే ఉంటారు. ఏళ్ల తరబడి బెర్లిన్‌లో ఉన్నా ఆయన కోసం ఈ రిజిస్టర్లు తిరగేయక్కర్లేదు, 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ని సోవియట్ దేశంలోనే చంపేసింది.

ఇక ఉత్తరంలో ఏం అడుగుతారన్నది చాలా ముఖ్యం. దయచేసి మరణ ధ్రువపత్రం అడగకండి, అందులో పేరు, తేదీ, చోటు లాంటి నాలుగు ముక్కలే ఉంటాయి. రిజిస్టర్‌లోని పూర్తి పేజీ స్కాన్ కావాలని, అంచున రాసిన నోట్లతో సహా కావాలని స్పష్టంగా రాయండి. వృత్తి, చిరునామా, చాలాసార్లు తల్లిదండ్రుల పేర్లు కూడా ఆ పేజీలో దొరుకుతాయి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది మరణవార్త వచ్చి చెప్పిందెవరన్న వివరం, ఎందుకంటే చివరి రోజుల్లో ఆ మనిషి పక్కన ఎవరున్నారో తెలియడానికి ఒక్కోసారి అదొక్కటే ఆధారం. చనిపోవడానికి కారణం మాత్రం ఆశించకండి, దాన్ని రిజిస్టర్‌లో రాయడం 1938 జులైలో మొదలైంది.

జర్మన్ రాకపోయినా నాలుగు వాక్యాల మెయిల్ చాలు: పేరు, తెలిసినంతవరకు తేదీ, చోటు, చరిత్ర పరిశోధన కోసమన్న మాట. ఫీజు ఎంతో ముందే అడిగేయండి. పాత చేతిరాత చూసి భయపడొద్దు, ప్రతి పేజీలో అచ్చు వేసిన ఫారం ఒకటే, దాన్ని ఒకసారి నేర్చుకుంటే ఇక చదవాల్సింది ఖాళీల్లో పూరించిన మాటలే.

అక్కడి భారతీయ విప్లవకారుల సంఘం బెర్లిన్ కమిటీ వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ దగ్గర్లోని వూన్స్‌డోర్ఫ్ యుద్ధఖైదీల క్యాంపుకి వెళ్లి, బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడి పట్టుబడిన భారతీయ ఖైదీల మధ్య ప్రచారం చేసేవారు కదా, ఆ సైనికుల గురించి కూడా రాసేటట్టయితే దారి వేరు. జెనీవాలోని రెడ్‌క్రాస్ వాళ్ల 1914-18 ఖైదీల కార్డులు, ఆ క్యాంపు దగ్గర్లోని త్సేరెన్స్‌డోర్ఫ్ భారతీయ శ్మశానంలో ఉన్నవాళ్ల పేర్లతో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఇచ్చిన జాబితా, రెండూ ఇంట్లో కూర్చునే చూడొచ్చు.