తాళం లేని కొండ గుడిసెలో రాత్రి బస: దొంగల గురించి కాదు ఆలోచించాల్సింది

"స్కాట్లాండ్ కొండల్లో కాపలా మనిషి కూడా ఉండని బాథీల్లో రాత్రి పడుకోవడం క్షేమమేనా? దొంగలూ తాగుబోతులూ వస్తే?" అని అడిగారు. బాథీ అంటే దారిన పోయేవాళ్లెవరైనా ఉచితంగా తలదాచుకోగల, తాళం వేయని కొండ గుడిసె. దొంగల సంగతి మర్చిపోండి. వానలో గంటల తరబడి నడిచొచ్చి మీ తడి సాక్సులు ఎత్తుకెళ్లే దొంగ ఇంకా పుట్టలేదు.

అబర్డీన్‌లో ఉద్యోగం కాబట్టి నాకు దగ్గర కెయిర్న్‌గోర్మ్స్ కొండలు. అక్కడ కొరౌర్ బాథీ అని ఒకటుంది. జింకల్ని కాచే మనిషి కోసం 1877లో కట్టిన ఒంటి గది రాతి ఇల్లు. లిన్ ఆఫ్ డీ దగ్గర కారు వదిలేసి మూడు నాలుగు గంటలు నడవాలి. బుకింగ్ లేదు, అద్దె లేదు, కరెంటు లేదు. నీళ్లు వాగులో పట్టుకోవాలి. 1965లో మొదలైన మౌంటెన్ బాథీస్ అసోసియేషన్ వాలంటీర్లు ఇలాంటివి వందకు పైగా చూసుకుంటారు. కొరౌర్‌లో టాయిలెట్ కూడా ఉంది, అదో వైభోగం. మిగతా చాలాచోట్ల తలుపు పక్కన ఒక పార ఉంటుంది, అంతే. దాన్నేం చేయాలో మీకే అర్థమవుతుంది.

ఒక అక్టోబరు రాత్రి నేనక్కడికి చేరేసరికి లోపల ఇద్దరు స్టూడెంట్లు, ఒక జంట ఉన్నారు. నేల దాదాపు నిండిపోయింది. పొయ్యి ఉంది గానీ అందులో వేయడానికి చుట్టుపక్కల పుల్ల కూడా దొరకదు. అందరం చలికి ముడుచుకుని కూర్చున్నాం. బాగా చీకటి పడ్డాక తలుపు తోసుకుని డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన వచ్చాడు. బ్యాగు దించి ముందు బొగ్గు సంచి బయటికి తీశాడు. అంత దూరం, ఆ వానలో, బొగ్గు! ఎవరూ చెప్పకుండానే అందరం చాపలు జరిపి ఆయనకి చోటిచ్చాం. పొయ్యి రాజుకున్నాక గదంతా తడి ఉన్ని వాసన. అమ్మ పంపిన సకినాలు అందరికీ పంచాను. ఆయన రెండోది తీసుకుంటూ, ఇవి విస్కీలోకి బాగుంటాయని తీర్పిచ్చాడు. పడుకునే ముందు హాస్టల్ వార్డెన్‌లా అందరి తిండి సంచులూ దూలానికి కట్టించాడు, ఎలుకలు మహా గడుసువి అని. ఒక స్టూడెంటు జేబులో చాక్లెట్ ఉంచుకున్నాడు. పొద్దున చాక్లెట్ లేదు, జేబూ లేదు.

ఆయన నన్నడిగిన ప్రశ్నే మీకూ అసలు జవాబు: "ఇది నిండిపోయినా, మబ్బులో దారి దొరక్కపోయినా ఏం చేసేవాడివి?" నా దగ్గర టెంటు ఉందని చూపించాను. అప్పుడు 1971 సంగతి చెప్పాడు. ఆ నవంబరులో ఎడిన్‌బరా నుంచి వచ్చిన స్కూలు పిల్లల బృందమొకటి పైన పీఠభూమి మీద మంచు తుఫానులో చిక్కుకుంది, అక్కడే ఉన్న కరన్ అనే చిన్న షెల్టరుకి చేరలేకపోయింది. ఆరుగురు చనిపోయారు. షెల్టరుందనే ధైర్యంతోనే జనం ఆ వాతావరణంలో పైకెళ్తారని వాదనలు జరిగి, చివరికి కరన్‌ని తీసేశారు. అందుకే చెబుతున్నా, టెంటు లేకుండా బాథీని నమ్ముకుని వెళ్లేవాళ్లకే ప్రమాదం. పక్కన పడుకున్న మనిషి వల్ల వచ్చే ప్రమాదం గురక ఒక్కటే. పెద్దాయన గురకకి నాకు తెల్లవార్లూ నిద్ర లేదు.

ఇంకో మాట. సగం తిన్న నూడుల్స్ ప్యాకెట్లు, అరిగిన కొవ్వొత్తులు "తర్వాత వచ్చేవాళ్లకి ఉంటాయిలే" అని వదిలి వెళ్లే దాతలున్నారే, వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది దానం కాదు, ఎలుకలకి సంతర్పణ. పైగా ఆ చెత్త మోసుకెళ్లేది జీతం లేని వాలంటీర్లు. ఈమధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో "ఫ్రీ స్టే" అంటూ పదిహేను మందిని పోగేసి, స్పీకరు, బిర్యానీ గిన్నెతో బాథీకి పోదామనే ప్లాన్లు కనిపిస్తున్నాయి. ఆరుగురు, అంతకంటే ఎక్కువ ఉన్న గుంపులు వాడొద్దని బాథీ నియమాల్లోనే ఉంది. అంతమందయితే దగ్గర్లోని బ్రేమార్ ఊళ్లో డబ్బులు కట్టి పడుకోండి.