ఇన్వర్టర్ బదులు తిరిగే చక్రం పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా తాతగారి పొలంలో పాత ఆయిల్ ఇంజన్‌కి పెద్ద ఇనప చక్రం ఉండేది. డీజిల్ ఆపేసినా కాసేపు తిరుగుతూనే ఉండేది. అలాంటి ఫ్లైవీల్స్‌లో ఇప్పుడు కరెంటు నిల్వ చేస్తున్నారని చదివాను. మరి మూణ్ణాలుగేళ్లకోసారి బ్యాటరీ మార్చే బాధ లేకుండా ఇంట్లో ఒకటి పెట్టుకోకూడదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పెట్టుకోవచ్చు గానీ డబ్బు దండగండీ. మీ తాతగారి ఇంజన్‌నే చూడండి. నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదాంట్లోనే పవర్ పుడుతుంది, మిగతా మూడింటినీ ఆ చక్రమే నెట్టుకొస్తుంది, అందుకే పంపు ఆగి ఆగి కాకుండా ఒకే తీరున నీళ్లు పోసేది. అంటే దాని పని మధ్యలో వచ్చే ఖాళీలు పూడ్చడం. గంటల తరబడి కరెంటు దాచడం కాదు. ఊళ్లన్నిటికీ కరెంటు మోసే లైన్ల వల, అదే గ్రిడ్‌లోనూ అంతే.

మన గ్రిడ్ 50 హెర్ట్జ్ మీద నడవాలి, అంటే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగాలి. వాడకం ఒక్కసారిగా పెరిగినా, కర్నూలు సోలార్ పార్కు లాంటి 1000 మెగావాట్ల చోట పైనుంచి మబ్బు పోయినా ఆ అంకె కిందికి జారుతుంది. బొగ్గు ప్లాంట్‌ని గబుక్కున పెంచలేం, టైమ్ పడుతుంది. ఆ లోపు ఆదుకునేది తిరిగే బరువే. పాత పద్ధతిలో థర్మల్, జల విద్యుత్ కేంద్రాల టర్బైన్లే ఆ పని చేసి పెట్టేవి, సోలార్ ప్యానెల్‌లో తిరిగేదేమీ లేదు కదా, అందుకే ఇప్పుడు ఫ్లైవీల్స్‌ని కరెంటుతో తిప్పి ఉంచి, అవసరమైనప్పుడు ఆ తిరుగుడునే మళ్లీ కరెంటుగా మార్చుకునే ఈ గొడవంతా.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టీఫెన్‌టౌన్‌లో 2011లో 200 ఫ్లైవీల్స్‌తో 20 మెగావాట్ల ప్లాంట్ కట్టారు. ఒక్కో దాంట్లో సుమారు టన్ను బరువున్న కార్బన్ ఫైబర్ రోటర్ (తిరిగే భాగం), గాలి తీసేసిన డబ్బాలో, అయస్కాంతాల ఆధారంతో తేలుతూ నిమిషానికి 16,000 చుట్ల దాకా తిరుగుతుంది. అంత స్పీడ్ ఎందుకంటే, బరువు రెట్టింపు చేస్తే శక్తి రెట్టింపే, వేగం రెట్టింపు చేస్తే నాలుగింతలు. ఇంతా చేసి ఫుల్ పవర్ లాగితే పావుగంటలో ఖాళీ! కట్టిన కంపెనీ అదే ఏడాది దివాలా తీసింది, ప్లాంట్ మాత్రం వేరే యజమాని చేతికెళ్లి నడిచింది.

బరువునే నమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లోని కల్హమ్‌లో జెట్ అనే ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం) ప్రయోగశాలలో ఒక్కోటి 775 టన్నుల చక్రాలు రెండుండేవి, తిరిగేది నిమిషానికి 225 చుట్లే. చిన్న మోటార్‌తో నిదానంగా తిప్పి, ప్రయోగం జరిగే కొన్ని సెకన్లలో ఒక్కోదాన్నుంచి 400 మెగావాట్ల దాకా లాగేవారు. అదంతా ఒకేసారి గ్రిడ్ మీద పడితే చుట్టుపక్కల ఊళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఇక మీ ఇంటికొద్దాం. స్టీఫెన్‌టౌన్ చక్రం ఒక్కోటి 25 యూనిట్లు దాస్తుంది, మీకు ఒక రోజుకి మించే వస్తుంది. కానీ దాన్ని భూమిలో గొయ్యి తీసి దించాలి, వ్యాక్యూమ్ పంపు ఆడుతుండాలి, సాయంత్రం ఓ గంట పోయే కరెంటు కోసం రాత్రింబవళ్లు తిప్పుతూ ఉండాలి, ఆ తిప్పుడుకీ బిల్లు మీదే. బ్యాటరీ అయితే ఊరికే కూర్చున్నప్పుడు దాదాపు ఏమీ తినదు. రోజుకి వందలసార్లు నింపి తీయాల్సిన చోట ఫ్లైవీల్‌కి తిరుగులేదు, ఎందుకంటే అంత వాడకానికి బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. మీ ఇంట్లో ఆ అవసరం లేదు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ వేళకి పోయించండి, చాలు.