రివర్బ్ వేయగానే పాటలో మాటలు మునిగిపోతున్నాయి, ఈక్యూలో ఏం మార్చాలి?

మీరు రాసిన వివరాలు ఇవి: పదికి పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తులో స్లాబు, టైల్స్ నేల, కండెన్సర్ మైకు, రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్), ఒకటి శ్రుతిలో మగ గొంతు, వెనక కరోకే ట్రాకు. రివర్బ్ (గదిలో పాడినట్టు మిగిలే మోత) లేకపోతే గొంతు ట్రాకుకు అతకడం లేదు, వేస్తే బావిలోంచి పాడినట్టుంది, 150 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (ఆ అంకె కింది ధ్వనిని కోసే ఈక్యూ) పెట్టి బరువు తీస్తే గొంతు పలచబడుతోంది.

ముందు రివర్బ్‌ను పక్కన పెట్టండి. ప్లగిన్లన్నీ ఆపేసి, కరోకే ట్రాకు మ్యూట్ చేసి, హెడ్‌ఫోన్లో మీ గొంతు ఒక్కటే కాస్త గట్టిగా వినండి. ప్రతి పాదం చివర మాట ఆగాక ఏం వినబడుతుందో చూడండి. చిన్న తోక ఒకటి మిగిలితే అది మీ గది రివర్బ్. దాని మీద ప్లగిన్ రివర్బ్ వేస్తే ఒక గదిలో ఇంకో గది మోగుతుంది. బావి శబ్దం చాలావరకు అక్కడిదే. రికార్డయిపోయిన గది మోతను ఈక్యూ తీయలేదు. ఈక్యూ పౌనఃపున్యాల పాళ్లు మారుస్తుందే గానీ, ఆలస్యంగా వచ్చిన ధ్వనిని వెనక్కి పంపలేదు.

అందుకే వీలైతే మళ్లీ రికార్డు చేయండి. మైకు నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, మధ్యలో పాప్ ఫిల్టర్. చాలామంది మైకు వెనక ఫోమ్ ముక్కలు పెడతారు. కార్డియాయిడ్ మైకు వినేది తన ముందున్న వైపు, అంటే మీ వీపు వెనక ఉన్న గోడని. బొంతలు, దుప్పట్లు వేలాడదీయాల్సింది అక్కడ. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి నిలబడి పాడినా పనవుతుంది. గది మూలల్లోనూ, సరిగ్గా నడిమధ్యలోనూ నిలబడకండి. మైకు కింద బల్ల ఉంటే దాని మీద మందపాటి తువ్వాలు పరవండి. బల్ల మీద తగిలి వచ్చే ధ్వని నేరుగా వచ్చేదానికంటే 34 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణిస్తే ఒక మిల్లీసెకను ఆలస్యమవుతుంది. దాంతో 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర వరసగా గుంటలు పడతాయి. ఈక్యూతో ఇలాంటి గుంటలు పూడ్చబోతే ఒకటి పూడి ఇంకొకటి లేస్తుంది.

ఇక ఈక్యూ. మీ గొంతు పలచబడటానికి కారణం హై పాస్‌ను 150 దగ్గర పెట్టడం. ఒకటి శ్రుతిలో మగవారి ఆధార షడ్జం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98. 150 దగ్గర కోస్తే మీ షడ్జానికి పునాది పోయినట్టే. హై పాస్ 70, 80 మధ్య ఉంచండి. ఐదు, ఐదున్నర శ్రుతుల్లో పాడే ఆడవారికి షడ్జం 196 నుంచి 208 ఉంటుంది కాబట్టి 110 దాకా వెళ్లొచ్చు. ఎవరో చెప్పిన అంకె కాదు, ఆ పాటలో మీరు దిగే అతి కింది స్వరాన్ని బట్టి పెట్టుకోవాలి.

మరి బరువు ఎక్కడిది? గది కొలతల్లో ఉంది. పన్నెండడుగుల దూరం సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్లయిన 94, 141 దగ్గర మోగుతుంది. పదడుగుల దూరం 56, 112, 169 దగ్గర. మీ గది వెడల్పూ ఎత్తూ రెండూ పదే కావడంతో ఆ రెండో వరస మోత ఒకదాని మీద ఒకటి పడి ఇంకా బలంగా ఉంటుంది. మంద్ర చతుశ్రుతి ధైవతం 110, శుద్ధ మధ్యమం 175. మీరు ఆ స్వరాల మీదికి వచ్చినప్పుడే గొంతు ఉబ్బి, మిగతాచోట్ల మామూలుగా ఉంటే దోషం గదిదే. నెమ్మదిగా మంద్ర పంచమం నుంచి పై షడ్జం దాకా 'ఆ' అంటూ పాడి రికార్డు చేయండి. ఏ స్వరం దగ్గర మీటరు ఎగిరిందో అదే మీరు కోయాల్సిన చోటు. ఈక్యూలో ఒక బ్యాండును (పౌనఃపున్యాల ముక్కను) సన్నగా పైకి లేపి అటూ ఇటూ జరుపుతూ చెడ్డ చోటు వెతికే పద్ధతిని నేను సిఫారసు చేయను. 12 డీబీ (డెసిబెళ్లు) లేపితే ప్రతి చోటూ చెడ్డగానే వినిపిస్తుంది, చివరికి కోతలే మిగులుతాయి.

రీపర్‌తో వచ్చే రీఈక్యూలో 112 దగ్గర 3 లేదా 4 డీబీ కోత, బ్యాండ్‌విడ్త్ 0.3 ఆక్టేవ్ చాలు. ఇంకా మేలైన దారి టీడీఆర్ నోవా లాంటి ఉచిత డైనమిక్ ఈక్యూ. ఆ స్వరం ఉబ్బినప్పుడు మాత్రమే తగ్గిస్తుంది, మిగతా పాటలో గొంతు నిండుదనం అలాగే ఉంటుంది. మైకుకు మరీ దగ్గరగా పాడినందువల్ల వచ్చిన బరువైతే అన్ని స్వరాల్లోనూ సమానంగా ఉంటుంది. దానికి 200 కింద షెల్ఫ్‌తో (ఒక హద్దుకు అవతలిదంతా కలిపి మార్చే బ్యాండుతో) 2, 3 డీబీ తగ్గించాలి. డబ్బాలోంచి వచ్చినట్టుంటే 300, 500 మధ్య వెడల్పుగా 2 డీబీ. ముక్కుతో పాడినట్టుంటే 1 కిలోహెర్ట్జ్ చుట్టూ చూడండి. పైన 10 కిలోహెర్ట్జ్ షెల్ఫ్ లేపే అలవాటు మానుకోండి. చవక కండెన్సర్లు చాలావరకు అక్కడ ముందే మెరుస్తాయి.

గొంతు మీద వరస ఇలా ఉంచండి: కోతల ఈక్యూ, కంప్రెసర్ (గట్టి ధ్వనిని నొక్కేది), డీఎస్సర్ (స, శల బుసను తగ్గించేది), ఆ తర్వాత అవసరమైతే 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర డీబీ పెంపు. ఉబ్బిన స్వరాలను కోయకముందే కంప్రెసర్‌కి ఇస్తే, అది ఆ ఒక్క స్వరం కోసం మొత్తం గొంతును నొక్కేస్తుంది.

రివర్బ్‌ను గొంతు ట్రాకు మీదే వేయకండి. వేరే ట్రాకు తెరిచి, గొంతు నుంచి దానికి సెండ్ (ధ్వని నకలు) ఇచ్చి, ఆ ట్రాకులో రివర్బ్ పెట్టండి. డ్రై (అసలు గొంతు) పూర్తిగా కిందికి, వెట్ (రివర్బ్ మోత) పూర్తిగా పైకి. అప్పుడే రివర్బ్‌కు విడిగా ఈక్యూ చేయగలరు, అసలు పని జరిగేది అందులోనే. ఆడాసిటీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవారికి సెండ్లు లేవు. ట్రాకును డూప్లికేట్ చేసి, స్టీరియోగా మార్చి, కాపీ మీద 'వెట్ ఓన్లీ' టిక్కుతో రివర్బ్ వేసుకోవాలి. కాపీ మోనోగా ఉంటే రివర్బ్ గొంతు వెనకే ఇరుక్కుంటుంది.

ఆ రివర్బ్ ట్రాకులో రివర్బ్ కంటే ముందు ఈక్యూ పెట్టి 400 హెర్ట్జ్ కింద, 7 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. ఆబీ రోడ్ స్టూడియో పద్ధతిగా పేరుపడినది కింద ఇంకా గట్టిది, పైన కాస్త వదులు: 600 కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోత. గదిలో 112 దగ్గర మోగిన శబ్దం రివర్బ్‌లోకి వెళ్లకపోతే అది రెండోసారి మోగదు. 2, 3 కిలోహెర్ట్జ్ మధ్య కూడా 3 డీబీ గుంట పెడితే హల్లులకు చోటు దొరుకుతుంది. శ, ష, స, 'చాలు'లోని దంత్య చకారం 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య బుస కొడతాయి. గొంతులో సరిపోయేంత ఉన్నా రివర్బ్‌లో అవే సాగుతాయి. ఈ ట్రాకులో రివర్బ్ ముందు ఇంకో డీఎస్సర్ పెట్టి 6 డీబీ దాకా తగ్గించండి. ఇక్కడ ఎక్కువైనా గొంతుకు నత్తి రాదు.

రివర్బ్‌లో ప్లేట్ రకాన్ని ఎంచుకోండి. 1957లో వచ్చిన ఈఎంటీ 140 అనే యంత్రంలో వేలాడదీసిన పెద్ద ఉక్కు రేకు మోగేది, ఆ శబ్దానికి నకలు ఇది. హాల్ రకం మీ పాటకు బరువు.

కాలం లెక్క తెలుగుకు తెలుగుగానే వేసుకోవాలి. ఇంగ్లీషు పాటల కోసం చేసిన ప్రీసెట్లు ఇక్కడే దెబ్బతీస్తాయి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు తోక సాగి తర్వాతి మాటలోని హల్లు మీద పడుతుంది. ద్విత్వంలో ఊపిరి ఒక్క క్షణం ఆగే చోటు ఉంటుంది. ఆ ఖాళీని రివర్బ్ నింపేస్తే 'గుడ్డి' కాస్తా 'గుడి' అయిపోతుంది. తోక పొడుగైతే హ్రస్వం దీర్ఘంలా వినబడుతుంది, 'కల' 'కాల' అవుతుంది. వినేవారికి మాటలు తెలియకపోవడం అంటే ఇదే. గమకాలున్న పాటకు ఇంకో చిక్కు ఉంది. గమకం ఊగే రెండు కొసలూ తోకలో ఒకేసారి మోగి, శ్రుతిలో ఉన్న గొంతు కూడా శ్రుతి తప్పినట్టుంటుంది. గమకాలు ఎక్కువైతే తోకను 1 సెకను దాటనివ్వను. లలిత గీతాలకు 1.3 నుంచి 1.6, తాళం లేకుండా సాగదీసే పద్యానికి 2 దాకా సరే.

ప్రీ డిలేకి (గొంతుకూ రివర్బ్ మొదలుకూ మధ్య ఎడానికి) 60,000ను టెంపోతో (నిమిషానికి పడే దెబ్బలతో) భాగించండి. 90 అయితే ఒక దెబ్బ 667 మిల్లీసెకన్లు, దానిలో పదహారో వంతు 42. ప్రీ డిలే 40 పెట్టి, తోక రెండు దెబ్బల్లోపు, అంటే 1.3 సెకన్లలో ఆరిపోయేలా చూడండి. 40 మిల్లీసెకన్ల ఎడంతో హల్లు ముందు పలికి, రివర్బ్ దాని వెనక వస్తుంది. ఈ ఒక్క మార్పుతోనే సగం మాటలు తేలతాయి. రీపర్‌తో వచ్చే రీవర్బేట్‌లో ప్రీ డిలే పేరు ఇనీషియల్ డిలే. సెకన్ల లెక్క అందులో లేదు, రూమ్ సైజు తిప్పుతూ ఒక్క 'ట' పలికిన ముక్క పెట్టి తోక ఎంతసేపుందో వినాలి.

ఇంకా మునిగితే రివర్బ్ తర్వాత రీకాంప్ (రీపర్ కంప్రెసర్) పెట్టి, గొంతు నుంచి ఆ ట్రాకులోని మూడు, నాలుగు (3/4) ఛానెళ్లకు ఇంకో సెండ్ ఇచ్చి, డిటెక్టర్ ఇన్‌పుట్‌ను ఆక్సిలరీకి మార్చండి. పాడుతున్నంతసేపూ రివర్బ్ 3, 4 డీబీ తగ్గి, పాదం చివర మళ్లీ లేస్తుంది. రిలీజ్ (తగ్గింది మళ్లీ లేచే సమయం) 200 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టండి.

కరోకే ట్రాకులో ముందే రివర్బ్ ఉంటుంది. వయొలిన్లు, కోరస్ ఆగే చోట వాటి తోక ఎంతుందో విని, మీది అంతకు మించకుండా చూసుకోండి. గొంతు అతకకపోవడానికి రివర్బ్ తక్కువ కావడం కంటే ట్రాకు 2, 4 కిలోహెర్ట్జ్ మధ్య నిండిపోవడమే కారణం అయ్యుండొచ్చు. ట్రాకులో అక్కడ వెడల్పుగా 2 డీబీ తగ్గించి చూశాకే సెండ్ పెంచండి.

సెండ్‌ను రివర్బ్ స్పష్టంగా వినబడేదాకా లేపి, అక్కడి నుంచి 3 డీబీ దించండి. రివర్బ్ ట్రాకు మ్యూట్ చేస్తే లోటు తెలియాలి, మ్యూట్ తీస్తే అది ఉందని ప్రత్యేకంగా తెలియకూడదు. ఇది మాస్టర్‌లో (ట్రాకులన్నీ కలిసే చోట) లిమిటర్ ఆన్‌లో ఉండగానే చేయండి. లిమిటర్ శిఖరాలను నొక్కాక తోకలు పైకి తేలతాయి, ఆఫ్‌లో ఉండగా సరిపోయిన రివర్బ్ చివర్లో ఎక్కువైపోతుంది. మోనోలో విన్నప్పుడు వెడల్పు రివర్బ్ గొంతుతో పోలిస్తే సుమారు 3 డీబీ తగ్గుతుంది. ఫోన్ స్పీకర్లో పొడిగా అనిపించిందని సెండ్ పెంచకండి, అదే పాట హెడ్‌ఫోన్లో మళ్లీ బావిలోకి వెళ్తుంది.