పడవ కంటే ముందు దాని పుస్తకం అడగండి

ప్రశ్న: చిలికా ఒడ్డున మేం ఆరుగురం తల్లిదండ్రులం కలిసి పిల్లల కోసం నాలుగు పాత ఆప్టిమిస్ట్ పడవలు (పిల్లలు ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలు) కొనబోతున్నాం. మా జట్టు అంతర్జాతీయ ఆప్టిమిస్ట్ సంఘంలో నేరుగా చేరవచ్చా? సొసైటీగా రిజిస్టర్ చేయించాలా?
- ఒక పాఠకుడు, రంభ, గంజాం జిల్లా

జవాబు: నేరుగా చేరడం కుదరదండి. 1965లో ఏర్పడిన ఆ సంఘంలో సభ్యత్వం దేశాలది, ఊళ్లది కాదు. మీరు ఈ క్రీడకు మన జాతీయ సంఘమైన యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న క్లబ్బు ద్వారానే వెళ్లాలి. సొసైటీ పెట్టాలంటే 1860 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. మీకు ఇంకొకరు కావాలి. అయితే దానికి తొందరేమీ లేదు. ముందు పడవల సంగతి చూడండి.

ఒకే నమూనా పడవలను ఒక క్లాస్ అంటారు. క్లాస్ సంఘమంటే పోటీలు పెట్టే కమిటీ అనే అనుకుంటారు చాలామంది. దాని అసలు పని పడవలన్నీ ఒకే తీరుగా ఉండేలా చూడటం. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ గీసిన ఈ పడవ 2.36 మీటర్ల పొడవు ఉంటుంది. హల్ (తెరచాప, స్తంభం లేని ఒట్టి పడవ దేహం) బరువు 35 కిలోలకు తగ్గకూడదు. కొత్త హల్ తయారైనప్పుడు పడవ తయారుచేసేవాళ్లు సంఘానికి రుసుము చెల్లించి దానికి నంబరున్న గుర్తింపు ప్లేట్ తీసుకుంటారు. తెరచాపకు లేబుల్ కూడా అలాగే వస్తుంది. సంఘం బండి నడిచేది ఎక్కువగా ఈ డబ్బుతోనే. అందుకే ప్లేట్, రిజిస్ట్రేషన్ పుస్తకం లేని పడవ ఎంత చవగ్గా వచ్చినా నేర్చుకోవడానికే పనికొస్తుంది, పోటీకి దించలేరు. ప్లేట్ మీది నంబరు, పుస్తకంలోని నంబరు ఒకటేనా అని మీ కళ్లతో చూసుకోండి. పుస్తకం తర్వాత పంపిస్తామంటే డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి.

హల్‌ను బాగా ఆరబెట్టాకే తూకం వేయండి. తేలికగా ఉంటే సరిచేసే బరువులు బిగించవచ్చు. లోపల నీళ్లు పట్టి బరువెక్కిన హల్‌కు మాత్రం మందు లేదు, దాన్ని కొనకండి. పడవ మునిగిపోకుండా లోపల కట్టే గాలి సంచులు మూడూ ఉబ్బించి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఏది మెత్తబడితే అది మార్చాలి. పడవ ముందు భాగానికి కట్టే తాడు నీళ్లలో తేలేదై ఉండాలి. కనీసం 5 మిల్లీమీటర్ల మందం, కనీసం 8 మీటర్ల పొడవు, మధ్యలో ముడి లేకుండా ఒకే ముక్క. మెజరర్లు (పడవ నియమాల ప్రకారం ఉందో లేదో కొలిచేవాళ్లు) తరచుగా తప్పు పట్టుకునేది మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) దగ్గర. తెరచాపకు, మాస్ట్‌కు మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. కట్టేటప్పుడు సరిగ్గానే ఉంటుంది, కట్టిన తాళ్లు తడిసి సాగితే దాటిపోతుంది. కాబట్టి ముడులు పొడిగా ఉన్నప్పుడు కాదు, తడిపిన తర్వాత చూసుకోవాలి. పడవ బోల్తా పడినా మాస్ట్ ఊడి రాకుండా బిగింపు ఉండాలి. ఇది పిల్లల ప్రాణానికి సంబంధించినది, ఇందులో సర్దుబాటు వద్దు.

ప్రశ్న: తెరచాప ధర మాకు అందడం లేదు. బరంపురంలో టార్పాలిన్‌తో కుట్టిస్తే ఒప్పుకుంటారా? లేకపోతే ఆ నియమాన్ని మార్పించే దారి ఉందా?
- ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: రోజువారీ సాధనకు నిరభ్యంతరంగా కుట్టించుకోండి, మంచి తెరచాప ఎండకు పాడవకుండా మిగులుతుంది. పోటీలో మాత్రం చెల్లదు. ఇలాంటి క్లాసుల్లో, చేయవచ్చని నియమాల్లో రాయనిది చేయకూడదన్నట్టే. నిర్వాహకులు దయతలచి సడలించేందుకూ వీల్లేదు. తెరచాప పడవల అంతర్జాతీయ పందెం నియమాల్లో 87వది అందుకు అడ్డం, క్లాస్ నియమాలు అనుమతిస్తేనో, సంఘం రాతపూర్వకంగా ఒప్పుకుంటేనో తప్ప. మార్పు కావాలంటే జాతీయ సంఘం ప్రతిపాదన పంపాలి. సాంకేతిక కమిటీ పరిశీలించాలి, సభ్య దేశాలు ఓటేయాలి, ఆపైన ఈ క్రీడ ప్రపంచ సంస్థ వరల్డ్ సెయిలింగ్ ఆమోదించాలి. మీ ప్రతిపాదన చవకగా ఉంటుందన్న ఒక్క మాటతో నిలబడదు. ఆ గుడ్డతో అన్ని చోట్లా ఒకే ఆకారం ఎలా వస్తుందో చూపించాలి. టార్పాలిన్ సాగుతుంది కనుక అక్కడే ఓడిపోతారు. దానికంటే లేబుల్ ఉన్న పాత తెరచాపల కోసం క్లబ్బుల్లో అడగడం మేలు.

ప్రశ్న: మాలో ఒక తండ్రి ఇంజనీరు. పోటీ కోసం పడవలను ఆయన చేతే కొలిపించవచ్చా?
- ఒక పాఠకుడు, గోపాల్‌పూర్

జవాబు: ఇంట్లో సరిచూసుకోవడానికి ఎవరైనా కొలవవచ్చు. ధ్రువీకరణ మీద సంతకం అధీకృత మెజరర్‌దే ఉండాలి. ఆ అర్హత వచ్చినా తన సొంత పడవను, తన బిడ్డ నడిపే పడవను ఆయన కొలవకూడదు. ఆసక్తి ఉంటే జాతీయ సంఘం ద్వారా శిక్షణకు పేరు ఇవ్వండి. మీ తీరానికి అలాంటి మనిషి నిజంగా కావాలి.