మెదడులో చిప్ మన దగ్గరికి ఎప్పుడొస్తుందంటారా? మా నాయనకు వచ్చి చాలా కాలమైంది

అడిగిన ప్రశ్న: "న్యూరాలింక్ లాంటి చిప్ మెదడులో పెట్టి పార్కిన్సన్స్, పక్షవాతం లాంటి నరాల జబ్బులు తగ్గించే రోజు మన దేశంలో ఎప్పుడొస్తుంది? మీ ఇంట్లో వాళ్లకైతే పెట్టిస్తారా?"

పెట్టించేశాం. మా నాయన తలలో కుడివైపొకటి, ఎడమవైపొకటి సన్నటి తీగలున్నాయి. అవి చెవి వెనకగా చర్మం కింద మెడలోకి దిగి, ఛాతీ పైభాగంలో అమర్చిన చిన్న పెట్టెకు కలుస్తాయి. చొక్కా విప్పితే అక్కడ ఉబ్బెత్తుగా కనపడుతుంది. దీన్ని డీబీఎస్ అంటారు, డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, అంటే ఆ పెట్టె నుంచి మెదడు లోపలికి సన్నటి కరెంటు పంపడం. వార్తల్లోకి ఎక్కదు, ఎందుకంటే దీనికి న్యూరాలింక్‌కు ఎలాన్ మస్క్ ఉన్నట్టు ట్విట్టరున్న యజమాని లేడు. న్యూరాలింక్ దగ్గరికి తర్వాత వస్తాను.

మా నాయన కందుకూరు రిజిస్టరాఫీసు దగ్గర డాక్యుమెంటు రైటరు. కంప్యూటర్లు రాకముందు స్టాంపు కాగితం మీద చేత్తో రాసిన తరం. ఆయన రాసిన చెక్కుబందీలో, అంటే దస్తావేజులో పొలానికి నాలుగు దిక్కులా సరిహద్దులు చెప్పే భాగంలో, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. అలాంటాయనకు జబ్బు ముందు చేతిరాతలో బయటపడింది. వణుకు ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. పేజీ పైన మామూలుగా మొదలైన అక్షరాలు కిందికి వచ్చేసరికి ఆవగింజలంత అయ్యేవి. కళ్లజోడు మార్చాం. పెన్ను మార్చాం. ఇది పార్కిన్సన్స్ లక్షణమని ఇంట్లో ఎవరికి తెలుసు? చెయ్యి వణికితేనే ఆ జబ్బు అనుకుంటారు అందరూ.

బ్యాంకు వాళ్లకు మాత్రం ముందే తెలిసింది, వాళ్ల పద్ధతిలో. సంతకం కలవడం లేదని చెక్కు వెనక్కి కొట్టారు. కౌంటర్లో కుర్రాడు "మళ్లీ పెట్టు పెద్దాయనా, మళ్లీ పెట్టు" అంటాడు, పెట్టేకొద్దీ సంతకం ఇంకా చిన్నదవుతుంది. వెనక లైన్లో జనం. చివరికి వేలిముద్ర వేయమన్నారు. తాలూకాలో సగం పొలాలకు దస్తావేజులు రాసిన మనిషిని వేలిముద్ర వేయమన్నారండీ! ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. జబ్బున్న ఖాతాదారుకు సంతకం మార్చుకునే దారి ఉంటుందని చెప్పే ఓపిక కూడా అక్కడ ఒక్కరికీ లేకపోయింది.

తర్వాత కథ ఈ జబ్బున్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ఈ జబ్బుకిచ్చే సిండోపా మాత్రలు మొదలయ్యాక కొన్నేళ్లు బాగున్నాడు. తర్వాత మాత్ర పనిచేసే సమయం తగ్గుతూ వచ్చింది. వేసుకున్న కాసేపటికి ఒళ్లంతా మెలికలు తిరిగిపోవడం, ఇంకాసేపటికి కుర్చీలోంచి లేవలేకపోవడం. మధ్యలో మా చిన్నాయన దూలగొండి గింజల పొడి తెచ్చాడు. ఆ గింజల్లో మాత్రలో ఉండే లెవోడోపా అనే మందు నిజంగానే ఉంటుంది. అయితే చెంచాకు ఎంత పోతుందో తెలియని మందును, కొలిచి ఇస్తున్న మందు మీద కలిపితే మెలికలు పెరగక ఏమవుతాయి? యూట్యూబులో "ప్రకృతి వైద్యం" చెప్పేవాళ్లకు ఈ లెక్క పట్టదు. డోసు గురించి ఒక్కడు మాట్లాడడు.

అలా తిరిగి తిరిగి చెన్నైలో ఒక ఆసుపత్రికి చేరాం. ముందు పరీక్ష చేశారు: మాత్రలు ఆపేసి ఎలా ఉన్నాడు, వేశాక ఎంత మెరుగయ్యాడు అని. మాత్రకు లొంగే లక్షణాలే ఎక్కువగా ఈ కరెంటుకూ లొంగుతాయి. వణుకు మాత్రం అప్పుడప్పుడు మాత్రకు లొంగకపోయినా దీనికి లొంగుతుంది. ఆపరేషన్ అయితే జబ్బు పోతుందనుకుని వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. పోదు. లోపల జబ్బు తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది, మనిషి చేతులూ కాళ్లూ మాత్రం ఇంకొన్నేళ్లు మన మాట వింటాయి. అర ఎకరం అమ్మి అంతమాత్రం కొనుక్కున్నాం. మళ్లీ అవసరమొస్తే మిగతా అర ఎకరమూ అమ్ముతాను.

ఈ పద్ధతి దొరికిన తీరు కూడా చెప్పాలి. ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊళ్లో బెనాబిద్ అనే సర్జన్, 1987లో. అప్పట్లో వణుకు తగ్గించడానికి మెదడులో చిన్న చోటును కాల్చేసేవాళ్లు. కాల్చే ముందు సరైన చోటేనా అని కరెంటు పెట్టి చూసేవాళ్లు. కరెంటు వేగం పెంచి చూస్తే, కాల్చకుండానే వణుకు ఆగింది. అక్కడి నుంచి వచ్చిందే ఇది. మా నాయన పెట్టె సెకనుకు 130 సార్లు సన్నటి కరెంటు కొడుతుంది, రాత్రీ పగలూ. అమెరికాలో వణుకు జబ్బుకు 1997లో, పార్కిన్సన్స్‌కు 2002లో అనుమతి ఇచ్చారు. అంటే మీరు ఎప్పుడొస్తుంది అని అడుగుతున్నది పాతికేళ్ల పాత సంగతి.

ఆపరేషన్ గురించి అందరూ అడుగుతారు, మెలకువగా ఉంచే చేశారా అని. అవును, తీగలు దించేటప్పుడు మెలకువగానే ఉంచారు. మెదడుకు నొప్పి తెలియదు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర లేదు, నేను బయట బెంచీ మీద ఉన్నాను. నేను చూసింది పెట్టెను మొదటిసారి ఆన్ చేసిన రోజు.

గాయాలు మానాక పిలిచారు. ముందు రాత్రి నుంచి మాత్రలు వేయొద్దన్నారు, కాబట్టి ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ తీసుకెళ్లాను. చిన్న గది. డాక్టరమ్మ చేతిలో టాబ్లెట్, ఆయన ఛాతీ మీద బొత్తాం దగ్గర ఒక బిళ్ల లాంటిది ఆనించింది. తీగ చివర నాలుగు చోట్ల కరెంటు వదలొచ్చు. ఏ చోట, ఎంత అన్నది ఆవిడ ఒక్కొక్కటే పెంచి చూస్తుంది. "వేళ్లు కొట్టండి పెద్దాయనా. పిడికిలి తెరవండి, మూయండి." మణికట్టు పట్టుకుని ఆడించి చూస్తుంది. మళ్లీ కాస్త పెంచుతుంది. "చెయ్యి జిల్లుమంటా ఉందమ్మా" అన్నాడు నాయన. ఆగింది, చోటు మార్చింది. జిల్లు పోయింది. ఇంకాస్త పెంచాక బిగుసుకుపోయి ఉన్న మోచెయ్యి ఆవిడ చేతిలో మెత్తగా వంగింది. అది నేను పక్కనుంచే చూశాను. వణుకు ఒక్కసారిగా ఆగలేదు, తగ్గి, మళ్లీ వచ్చి, తగ్గిపోయింది.

అక్కడ పేషెంట్ల చేత కాగితం మీద పెన్నుతో గుండ్రటి చుట్టలు గీయిస్తారు, చెయ్యి ఎంత నిలకడగా ఉందో చూడటానికి. మా నాయన ఒక చుట్ట గీసి, ఆ కాగితం తిప్పేసి, అడక్కుండానే రాయడం మొదలుపెట్టాడు. "తూర్పు – డొంక. దక్షిణం – ఊర చెరువు. పడమర – కాలువ." పాత సైజు అక్షరాలే, తలకట్లతో సహా. డాక్టరమ్మకు తెలుగు చదవడం రాదు, ఏం రాశారని అడిగింది. పొలం సరిహద్దులని చెప్పాను. ఆవిడ నవ్వి, ఇంకెంతవరకు తట్టుకుంటాడో చూద్దామని మరికాస్త పెంచింది. అంతే, "ఉత్తరం" దగ్గర పెన్ను ఆగిపోయింది. మూతి ఓ పక్కకు లాక్కుపోయింది, మాట ముద్దగా వచ్చింది. గబుక్కున తగ్గించింది. మూతి సర్దుకున్నాక "అమ్మకందారు మిగులు భూమి" అని పూర్తిచేసి కింద సంతకం పెట్టాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మూతి వంకర పోవడానికీ చెక్కుబందీ రాయడానికీ మధ్య ఉన్నది ఒక మిల్లీ ఆంపియరో, అంతకన్నా తక్కువో. అది తిప్పే చెయ్యి తెలిసిన చెయ్యి అయ్యుండాలి. తీగలు దించడం ఒక్క రోజు పని, సరిచేసుకోవడం బతికినన్నాళ్లూ పని. మన పేపర్లు మొదటిదానికి ఫొటో వేస్తాయి, రెండోదాన్ని పట్టించుకోవు.

కొంతకాలానికి నాయన మాట నసిగినట్టు రావడం మొదలైంది. ఇక్కడ చూపిస్తే జబ్బు పెరిగిందన్నారు, మాత్ర పెంచారు, మెలికలు మళ్లీ మొదలయ్యాయి. పెట్టె సంగతి చూడండంటే అది మాకు తెలియదన్నారు. కందుకూరుకు రైలు లేదు. తెల్లారకముందే ఆటోలో సింగరాయకొండ, అక్కడి నుంచి చెన్నై రైలు, దిగాక మళ్లీ ఆటో, అక్కడ సాయంత్రం దాకా వరస. లోపలికెళ్లాక ఆవిడ టాబ్లెట్ మీద నాలుగు నొక్కులు నొక్కింది. మాట తేటపడింది. ఆ నాలుగు నొక్కుల కోసం రెండు పగళ్లు, ఒక రాత్రి, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు. ఒంగోలైతే ఏంది, నెల్లూరైతే ఏంది, ఆ నొక్కులు నొక్కే మనిషి మాకు రెండుచోట్లా దొరకలేదు.

ఇంకో ముక్క, ఇంట్లో ఈ పెట్టె ఉన్నవాళ్లు రాసి పెట్టుకోండి. భుజం నొప్పికని ఒకచోట ఫిజియోథెరపీకి తీసుకెళ్తే డయాథెర్మీ మిషను, అంటే ఒంటి లోపలికి వేడి పుట్టించేది, దాని దగ్గరికి లాగారు. తలలో తీగలున్నవాళ్లకు ఒంట్లో ఏ భాగానికీ డయాథెర్మీ పెట్టకూడదు, ఆ తీగ చివర వేడెక్కి మెదడు దెబ్బతింటుంది. ఒంట్లో పెట్టె ఉందని తెలిపే కార్డు తీసి చూపిస్తే "ఏమీ కాదులెండి" అన్నాడు ఆ అబ్బాయి. మేం లేచి వచ్చేశాం. ఎంఆర్ఐ అన్నా అంతే, పెట్టె రకం చూసి, అడిగాకే.

ఇక న్యూరాలింక్. 2024 జనవరిలో మొదటి మనిషికి పెట్టారు, మెడ కింద చచ్చుబడిన కుర్రాడికి. 64 దారాల్లాంటి తీగల మీద 1024 ఎలక్ట్రోడ్లు. వాటితో కర్సరు కదిపాడు, చదరంగం ఆడాడు. కొన్ని వారాల్లోనే చాలా దారాలు మెదడులోంచి వెనక్కి జారిపోతే సాఫ్ట్‌వేరు సరిచేసి నెట్టుకొచ్చారు. చూశారా, అక్కడా మళ్లీ సరిచేయడమే! పైగా ఇది మొదటిదేమీ కాదు, అమెరికాలో బ్రెయిన్‌గేట్ అనే పరిశోధన బృందం వాళ్లు 2004లోనే ఒకతనికి పెట్టి కర్సరు కదిపించారు. మా నాయన పెట్టె మెదడుకు కరెంటు పంపుతుంది, ఇవి మెదడు చెప్పేది వింటాయి. రెండూ కలిసినవీ వచ్చాయి. మూర్ఛ వచ్చే సూచన కనిపెట్టి అప్పుడే కరెంటు కొట్టే పరికరానికి అమెరికాలో 2013లో, పార్కిన్సన్స్‌లో మెదడు అలలు చూసుకుంటూ తనంతట తానే హెచ్చుతగ్గులు చేసుకునే డీబీఎస్‌కు 2025లో అనుమతి వచ్చింది. నా ఆశంతా ఈ చివరిదాని మీదే. పెట్టె తనను తాను కాస్తయినా సర్దుకుంటే మాకు సింగరాయకొండ రైలు తగ్గుతుంది.

మాట పడిపోయినవాళ్లకు మాట తెచ్చేవీ ఉన్నాయి. 2024లో కాలిఫోర్నియాలో ఏఎల్ఎస్ అనే, కండరాలు చచ్చుబడిపోయే నరాల జబ్బున్న ఒకతను మాట్లాడబోతే, మెదడులోంచి విని 97 శాతం సరిగ్గా తెర మీద వేసింది. ఇంగ్లీషులో. స్పానిష్ కూడా చేశారు. తెలుగుకు ఎవరు చేస్తారు? మన నెల్లూరు యాసకు ఫోనులో మాట విని టైపు చేసేదే తడబడుతుంది, మెదడు సంగతి దేవుడెరుగు. ఈ పని మనవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలి, చిప్ వచ్చాక కాదు.

కంపెనీ మూతపడితే ఏంటన్నది కూడా అడగండి. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ 350 మందికి పైగా చూపులేనివాళ్లకు కంట్లో పరికరం పెట్టింది. 2020లో డబ్బుల్లేక చతికిలబడింది. పాడైతే బాగుచేసే దిక్కు లేకుండా కంట్లో ఆ లోహంతో వాళ్లు మిగిలారు. అందుకే ఆసుపత్రిలో సర్జన్ పేరు కన్నా ముందు సెట్టింగులు ఎవరు చూస్తారు, ఆవిడ సెలవులో ఉంటే ఎవరు, బ్యాటరీ మార్చేదా చార్జింగుదా, మార్చేటప్పుడు ఖర్చెంత అని అడిగి కాగితం మీద రాయించుకోండి. చార్జింగు లేని రకం కొన్నేళ్లకే అయిపోతుంది, మళ్లీ ఛాతీ కోయాలి.

న్యూరాలింక్ ఊరికే ఇస్తామన్నా మా నాయనకు పెట్టించను, ఇప్పుడున్న రూపంలో అది ఆయన జబ్బుకు కాదు. మా వీధి చివర తాటిచెట్టు మీంచి పడి మెడ కింద చచ్చుబడిన కుర్రాడొకడు ఉన్నాడు, వాడికైతే పనికొస్తుంది. వాళ్లమ్మ అడిగితే పెట్టించమనే చెబుతాను, దాన్ని సరిచేసే మనిషి నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్నాడని తేలాక.