చికెన్‌పాక్స్ వస్తే మూత్రం మంట ఎందుకు, ఆగిపోవడం ఎందుకు?

పెద్దవాళ్లకు చికెన్‌పాక్స్, అంటే ఆటలమ్మ, వచ్చినప్పుడు మూత్రానికి వెళ్తే మంట, ఒక్కోసారి అసలు రాకపోవడం ఎందుకని అడిగారు.

చాలామందిలో కారణం చిన్నదే. పొక్కులు ఒంటిమీదే కాదు, జననాంగాల దగ్గర, మూత్రం బయటికొచ్చే దారి అంచున కూడా లేస్తాయి. అవి చితికి పుండైన చోట మూత్రం తగిలితే భగ్గుమంటుంది. ఆ భయంతో బిగపట్టుకుంటారు, నీళ్లు తాగడం తగ్గిస్తారు. దాంతో మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. కాబట్టి నీళ్లు బాగా తాగండి. గోరువెచ్చని నీళ్లలో కూర్చుని మూత్రం పోస్తే కాస్త తేలిగ్గా వస్తుంది (సిగ్గుపడాల్సిన పనేం లేదు). ఎసైక్లోవిర్ (ఈ వైరస్‌ని అణిచే మందు) వాడుతుంటే నీళ్లు మరీ ముఖ్యం, లేకపోతే ఆ మందు కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకోవచ్చు. నొప్పికి పారాసెటమాల్ మేలు, డాక్టర్ చెప్పకుండా ఐబుప్రొఫెన్ జోలికి పోకండి.

టెన్షన్ పడాల్సింది పొత్తికడుపు ఉబ్బి, చుక్క కూడా రానప్పుడు. పుండ్ల నొప్పి వల్ల కూడా అలా కావచ్చు గానీ, అరుదుగా వెన్నుపాముకో నరాలకో వాపు వచ్చి ఉంటుంది. అలా మూత్రం ఆగిపోయినా, కాళ్లలో బలం తగ్గినా, నడుము కింద తిమ్మిరెక్కినా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ముందు గొట్టం వేసి మూత్రం తీస్తారు, తర్వాత వెన్నుకి ఎమ్మారై స్కాన్ తీయవచ్చు. మూత్రంలో రక్తం, ముఖం వాపు కనిపించినా డాక్టర్‌కి చూపించాల్సిందే.