కెప్లర్ వాళ్లమ్మ, మా బాపమ్మ

"ఫిజిక్స్ చదివినవాళ్లకు సైన్స్ చరిత్ర నచ్చిందంటే సరే, దయ్యాల కథలు, సైన్స్ ఫిక్షన్ ఎలా నచ్చుతాయి, పొసగదు కదా" అని ఒకరు నన్ను అడిగారు. నేను హన్మకొండలో 19 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను, నా బీరువాలో ఈ మూడు రకాల పుస్తకాలూ కలిసే ఉంటాయి. నన్నడిగితే మూడూ ఒక్క ఇంట్లో పుట్టినవే. నమ్మకపోతే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌ని చూడండి.

గ్రహాల మీద ఆయన మూడో నియమం ఇంటర్‌లో అందరం బట్టీ పట్టిందే. అది 1619లో అచ్చయింది. మరుసటి ఏడు ఆగస్టులో ఆయన తల్లి కాథరీనాని మంత్రగత్తె అని పట్టుకుపోయి గొలుసులు వేశారు. 70 దాటిన ముసలామె, 14 నెలలు ఖైదులో ఉంది. ఆకులూ వేర్లతో మందులిచ్చేది. ఆమె ఇచ్చిందేదో తాగాకే జబ్బు పడ్డానని ఒకావిడ ఫిర్యాదు.

ఇది నేను మొదటిసారి చదివింది కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి, ఎందుకంటే అలాంటి మందు గిలాస ఒకటి నేను కళ్లారా చూశాను.

మాది పరకాల దగ్గర పల్లె. మా బాపమ్మ నేలవేము, తిప్పతీగ కల్వంలో నూరి జ్వరాలకు కషాయం ఇచ్చేది. ఆ కల్వం అంచున పసరు మరక ఎంత కడిగినా పోయేది కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు వెనక వాడలో ఒకాయన ఆ కషాయం తాగిన మూడో రోజు మంచం పట్టాడు, నోట మాట పడిపోయింది. ఇప్పుడైతే పక్షవాతం అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. అప్పుడు మాత్రం వారం తిరక్కుండానే బాణామతి అన్న మాట పుట్టింది.

ఒక రాత్రి పదిహేను మంది దాకా మా వాకిట్లోకి వచ్చారు. కరెంటు లేదు, ఒకతని చేతిలో కందిలి, ఇంకొకతని చేతిలో పటకారు. పళ్లు పీకితే మంత్రం పారదని మా వైపు నమ్మకం. అతను దాన్ని ఎవరి మీదికీ ఎత్తలేదు, ఊరికే తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు, ఆ టక్ టక్ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. మా బాపు సింగరేణి డ్యూటీలో మంచిర్యాల వైపు ఉన్నాడు. బాపమ్మ గడప మీద కూర్చొని, "నేనే తాగి చూపిస్త, ఆ గిలాస తేండ్రి" అని మిగిలిన కషాయమంతా వాళ్ల ముందే తాగేసింది. గొణుక్కుంటూ వెళ్లిపోయారు. బాపు రెండో రోజు పొద్దుటికి గానీ రాలేకపోయాడు. ఆ తర్వాత ఆమె ఎవరికీ మందు నూరలేదు. మంచి హారర్ కథ ఏది చదివినా నాకు ఆ రాత్రి మా వాకిలే కనిపిస్తుంది, రోజూ పలకరించే మొహాలే, ఒక్కటీ గుర్తుపట్టలేనట్టు ఉంటాయి.

ఇక సైన్స్ ఫిక్షన్ సంగతి. కెప్లర్ రాసిన 'సోమ్నియం' (అంటే కల) అనే కథలో కుర్రాడి తల్లి మూలికలమ్ముకునే మనిషి, ఆమె ఒక భూతాన్ని పిలుస్తుంది. ఆ భూతాలు గ్రహణం నీడ వెంట మనిషిని నాలుగు గంటల్లో చంద్రుడి మీదికి మోసుకుపోతాయి. దారిలో గాలి ఆడదని ముక్కుకి తడి స్పాంజీ పెడతారు. మధ్యలో భూమి లాగేదీ చంద్రుడు లాగేదీ సరిసమానమయ్యే చోటు గురించి కూడా రాశాడు, న్యూటన్ అప్పటికి పుట్టలేదు! దీని రాతప్రతి నలుగురి చేతుల్లో పడి తల్లి మీద అనుమానాన్ని పెంచిందని ఆయన నమ్మాడు, ఆ బాధతోనే కథకు 223 నోట్సు రాసుకున్నాడు. పుస్తకం ఆయన చనిపోయాక 1634లో వచ్చింది. ఇందులో ఫిజిక్స్ ఎక్కడ ఆగింది, దయ్యం ఎక్కడ మొదలైంది, ఎవరైనా గీత గీసి చూపించండి.

మన పాఠ్యపుస్తకాల మీద నా కోపం ఇదే. శాస్త్రవేత్త ఫొటో, పుట్టిన తేదీ, ఒక డబ్బాలో మూడు లైన్లు, అయిపోయింది. ప్రతి ల్యాబ్‌లో గాల్వనోమీటర్ ఉంటుంది, కప్ప కాళ్లు కరెంటుకి ఎగిరిపడటం చూసిన గాల్వానీ పేరు అది అని పిల్లలకు తెలియదు. ఆయన మేనల్లుడు ఆల్దినీ 1803లో లండన్‌లో ఉరి తీసిన ఖైదీ శవానికి కరెంటు పెడితే దవడ వణికి ఒక కన్ను తెరుచుకుంది. ఇంకో పదిహేనేళ్లకు, శవాల ముక్కలతో చేసిన మనిషికి ప్రాణం పోసే ఫ్రాంకెన్‌స్టైన్ నవల వచ్చింది. ఇది చెప్పిన రోజు నా క్లాసులో ఒక్కడు కూడా ఫోన్ తియ్యలేదు. కోచింగ్‌లో ఇవన్నీ టైం వేస్ట్ అంటారు, అలా అనేవాళ్లకు పాఠం చెప్పడం రాదు.

ఎమ్మెస్సీ సెలవుల్లో ఊరెళ్లి బాపమ్మకు కాథరీనా కథంతా చెప్పాను. 1621లో చిత్రహింస పనిముట్లు ఎదురుగా పెట్టి బెదిరించినా ఒప్పుకోలేదనీ, వదిలేశాక ఆర్నెల్లకే చనిపోయిందనీ. మధ్యలో ఏమీ అనలేదు. అయ్యాక ఒక్కటే అడిగింది.

"కొడుకచ్చిండా బిడ్డా?"

"అచ్చిండు బాపమ్మా, ఆస్ట్రియల పనిచేస్తుండె, ఆడికెల్లి అచ్చి కేసు మొత్తం తనే చూస్కున్నడు. ఒక్కొక్కరి రోగానికి అసలు కారణమేందో రాసిచ్చిండు."

"అట్లనా" అంది. గోడ పక్కన బోర్లించిన కల్వం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.